దృష్టి – దిష్టి

బడిలో ప్రకృతి వికృతుల జంటలు వల్లెవేసిన వారెవరికైనను ‘దృష్టి – దిష్టి’ యను జంట జ్ఞాపకముండకపోదు. వ్యాకరణమునకు అవి రెండును ఒక్క పదమే. ఒకటి సంస్కృతమునుండి యథాతథముగ వచ్చినది, రెండవది మన నాలుకపై నలిగి నునుపుదేరినది. కాని భావమును విచారించినచో అవి రెండు సిద్ధాంతములు. దృష్టి వేదాంతిది. అది దీపమువలె వస్తువును వెలిగించునే కాని తాకదు. వెలిగిన వస్తువు మంచిదైనను చెడ్డదైనను దీపమునకు మరక యంటదు. దిష్టి మన యిండ్లలోని అవ్వలది. అది తాకును, సోకును, పాలుత్రాగు పసిబిడ్డను వాడజేయును, నిండుగ పండిన చేనును దెబ్బతీయును; అందుచేతనే అవ్వ ఉప్పును మిరపకాయలను దిగదుడిచి నిప్పులలో వేయును. చూపు తాకదని శాస్త్రము, తాకునని అవ్వ. ఇస్తాంబుల్ నగరమున నొక యుదయమున మెడలో కెమెరా వ్రేలాడదీసికొని కప్పుబజారులో అడుగుపెట్టిన నాటివరకు, ఈ ఇరువురిలో ఎవరి మాట నిజమని యడుగవలసిన యవసరమే నాకు తోచలేదు.

ఆ బజారును తురుష్కులు ‘కపాలీ చార్షీ’ యందురు. కప్పువేసిన అంగడి యని యర్థము. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను జయించిన సుల్తాను రెండవ మెహమ్మదు, ఆపై రెండు మూడేండ్లలోనే రాతిగోడలతోను గుమ్మటములతోను నొక గట్టి కట్టడమును ప్రారంభింపజేసి, అందలి రాబడిని అయాసోఫియా పోషణకై వక్ఫుగ నిచ్చెను; ఆ అయాసోఫియా అంతకుముందు తొమ్మిది శతాబ్దములు క్రైస్తవాలయమై, అప్పుడే మసీదుగ మారినది. అక్కడ దీపము వెలుగవలెనన్న ఇక్కడ బేరము సాగవలెను. తరువాతి కాలమున ఆ కట్టడము చుట్టును వీధులు పుట్టి, వీధులకు కమానుల కప్పులు పడి, నేటికది 60కి పైగా వీధులును సుమారు 4,000 దుకాణములును గల యొక లోపలి నగరమైనది. 1894లో భూకంపమును, 1954లో అగ్నిప్రమాదమును దానిని కూల్చినవి. రెండు మారులును అది మరల లేచినది. తెలుగువాని కక్కడి భాష తెలియకున్నను చెవికి బొత్తిగా పరాయిది కాదు. దుకాణము వారికి ‘దుక్కాన్’, కిరాయి ‘కిరా’, తరాజు ‘తెరాజీ’, పనిలో ఆరితేరిన ఉస్తాదు ‘ఉస్తా’. అరబ్బీ పారసీక పదములు ఒకవైపు ఆ దేశమునకును, మరియొకవైపు గోలకొండ హైదరాబాదుల మీదుగ మనకును నడచివచ్చి, రెండుచోట్లను తరాజు పట్టుకొని కూర్చున్నవి.

ఛాయాచిత్రములయందు ఆసక్తిగల యాత్రికులను చిన్న జట్టుగ కూర్చి, ఈ వీధులలో త్రిప్పుచు, ఎక్కడ నిలిచి ఎట్లు చూడవలెనో నేర్పు మార్గదర్శకులు అక్కడ నున్నారు. మా జట్టున ఎనమండుగురము. మార్గదర్శి ఆ నగరముననే పుట్టి పెరిగిన నడివయసువాడు. బజారు తలుపులు తెరచు వేళకు, అనగా ఎనిమిదిన్నరకు, నూరు ఉస్మానియే ద్వారమువద్ద మమ్ము నిలిపి అతడు చేసిన మొదటి యుపదేశము, పావుగంటసేపు ఎవరును కెమెరాను సంచినుండి బయటకు తీయరాదని. వెలుగెక్కడ పడుచున్నదో, ఎవరు తీరికగ నున్నారో, ఎవరింకను తలుపుతాళముతో కుస్తీపట్టుచున్నారో ముందు చూడుడనెను. రుసుము చెల్లించి వచ్చిన నాకది కొంత చాదస్తముగ తోచినమాట నిజము.

అయినను ఆ పావుగంటలోనే బజారు కనబడినది. కమానులపై ఎత్తున నున్న చిన్న గవాక్షములనుండి వెలుగు ఏటవాలుగ దిగి నేలపై పలకలు పలకలుగ పడుచుండెను. మూడు కమ్ముల పిడికి వ్రేలాడు తట్టలో చాయ్ గ్లాసులు పెట్టుకొని పోవు కుర్రవాడు ఆ పలకలలో వెలుగుచు, నడుమ నీడలలో ఆరుచు, చుక్కయైనను తొణకకుండ నడచిపోయెను. వీధుల పేర్లన్నియు వృత్తుల పేర్లు. ‘కల్పాక్‌చిలర్’ అనగా బొచ్చుటోపీలు చేయువారి వీధి. నేడక్కడ టోపీలు లేవు, కన్నులు చెదరు బంగారపు గాజుల వరుసలున్నవి. ‘ఫెస్‌చిలర్’ ఫెజ్ టోపీలవారి వీధి. 1925లో తురుష్క ప్రభుత్వము ఆ టోపీని నిషేధించినది, వీధికి పేరు మాత్రము మిగిలినది. రూపము పోయినను నామము నిలిచియుండుటను వేదాంత గ్రంథములలో చదివితిని. వీధిపలకపై వ్రాసియుండగ చూచుట అదే మొదలు.

అక్కడ చూపులకే ఒక చరిత్ర యున్నది. పందొమ్మిదవ శతాబ్దము చివరివరకును ఆ బజారున నేటి రీతి దుకాణములు లేవు. వర్తకుడు వీధిప్రక్కన కొయ్యబల్లపై కూర్చుండెడివాడు; వెనుక అరలుండెడివి. పేరుపలకలు లేవు, ప్రకటనలు లేవు. విలువైన సరకు బీరువాలలో మూసియుండెడిది. కొనవచ్చినవాడు ఎదుట కూర్చుండి, కాఫీయో చాయో త్రాగి, మంచిచెడ్డలు మాటాడిన పిమ్మట గాని వర్తకుడు తాళము తీయడు. పరిచయము ముందు, దర్శనము తరువాత. నేడు సర్వమును అద్దములవెనుక మెరయుచున్నది. దర్శనము ముందు, పరిచయము కలిగిన కలుగును, లేకున్న లేదు. ఇక చేత కెమెరా గలవానికి ఆ పరిచయముతో పనియే లేదు. వాడు బేరమాడడు, కొనడు, కూర్చుండడు. అయినను ఏదో పట్టుకొనిపోవును.

ఈ సంగతి ఆ బజారునకు తెలియనిది కాదు కాబోలు, దుకాణదుకాణమునను నీలిగాజు కన్నులు వ్రేలాడుచున్నవి. తెల్లని వలయములో నల్లని పాపగల ఆ పూసను ‘నజర్ బొంజు’ అందురు. పసిబిడ్డ అంగీకి, గుమ్మమునకు, కారు అద్దమునకు దానిని కట్టుదురు. అందమైనదానిని మెచ్చుకొనునపుడు కన్ను తగులకుండ ‘మాషల్లా’ యందురు. మనము దుకాణమునకు నిమ్మకాయయు మిరపకాయలును కట్టుదుము, కొత్తయింటికి గుమ్మడికాయ వ్రేలాడదీయుదుము. వారి అవ్వయు మన అవ్వయు ఎన్నడును కలిసికొనలేదు గాని, చూపు నిర్దోషి కాదని ఇరువురును ఒక్కటే తీర్పు చెప్పిరి. వేనవేలు కన్నులు నన్నే చూచుచుండగ, నేను మాత్రము వెలుగును లెక్కించు నిర్లిప్తుడనని భావించుకొనుచు ముందుకు సాగితిని.

తివాచీలవారి వీధి దాటినపిమ్మట ఒక మూల, చిరిగిన తివాచీలను బాగుచేయు వృద్ధుడొకడు పొట్టిపీటపై కూర్చుండియుండెను. కళ్లజోడు ముక్కు చివరకు జారియున్నది. మోకాళ్లపై ఎఱ్ఱని పాతతివాచీ. కుడిచేతి సూది లోనికి దిగి, తనంత తాను పైకి వచ్చుచుండెను. క్రిందనుండి దానిని త్రోయు ఎడమచేయి కనబడకుండుటచేత ఆ తివాచీయే తన్ను తాను కుట్టుకొనుచున్నట్లుండెను. నేను కెమెరాను కొంచెము పైకెత్తి, కనుబొమలతో అనుమతి యడిగితిని. అతడు తలను రవ్వంత వెనుకకెత్తి, గడ్డము పైకి చూపి, నాలుకతో ‘చ్’ అనెను. మన దేశమున గడ్డము అట్లెగరవేసినచో ‘ఏమిటి?’ అని యర్థము. ఏమిటో చెప్పుదునన్నట్లు నేను చిరునవ్వు నవ్వి, సూదివంక వ్రేలు చూపి, మీట నొక్కితిని. బాగుగ వచ్చెనో లేదోయని మరల రెండు మారులు నొక్కితిని. వృద్ధుడు సూదిని వదలి అరచేతిని తన పనిపై కప్పెను. మార్గదర్శి పరుగున వచ్చి చెప్పెను: ఈ దేశమున గడ్డమెత్తి చప్పుడుచేయుట ‘వలదు’ అనుట. అంతకన్న స్పష్టముగ వలదనుటకు మాకు వేరు పద్ధతి లేదు.

నేను ప్రశ్న యనుకొన్నది సమాధానము. సిగ్గుపడుచునే నాలో నేను వాదించుకొంటిని: అతని సూది అతనికడనే యున్నది, తివాచీ చెక్కుచెదరలేదు, అతని మీదపడి ఎట్లును చెదరిపోవు వెలుగు నా పెట్టెలో కొంత చిక్కినది, అంతమాత్రమున అతనికేమి నష్టము? 1591లో ఈ బజారున 30,000 బంగారు నాణెములు దొంగిలింపబడినవట. రెండు వారములు బజారు మూసి వెదకగా, నేలపై పరచిన చాపలక్రింద దొరకినవట. ఆ దొంగతనమునకు లెక్కయున్నది, తిరిగి యిచ్చుటకు వస్తువున్నది. నా పెట్టెలోని ముఖమును నేనెవరికి, ఎట్లు తిరిగి యిత్తును? చెరిపివేయుట యొక్కటే మార్గము. ఆ వృద్ధుని కన్నులయెదుటనే ఆ మూడు చిత్రములను చెరిపితిని. అయినను నావాదము ఎవరి వాదమో అప్పుడు తెలిసినది. అది సాక్షి వాదము. నేను చూచితినే కాని చేయలేదు, తాకలేదు అని పలుకునది సాక్షియే గదా! అంత గొప్ప మాట నా నోటికి అంత సులభముగ దొరకుటయే అనుమానించవలసిన విషయము.

సాంఖ్యులు పురుషుని ప్రేక్షకునితోను, ప్రకృతిని నర్తకితోను పోల్చిరి. నర్తకి రంగమున తన్ను తాను చూపి విరమించును. ప్రేక్షకుడు చూచి ఊరకుండును. ఉపమానము మనోహరమైనదే. కాని నర్తకి చూపరులకొరకే ఆడుచున్నది. తివాచీ కుట్టు వృద్ధుడు నాకొరకు కుట్టుట లేదు. లోకమంతయు తనయెదుట ఆడుచున్న నర్తకి యని తలచుట పురుషుని లక్షణమో కాదో నాకు తెలియదు గాని, కెమెరా పట్టినవాని లక్షణమని మాత్రము చెప్పగలను. పతంజలి క్లేశములను లెక్కించుచు, చూచువాని శక్తిని చూపు సాధనముయొక్క శక్తితో ఒకటిగ భ్రమించుటకే అస్మిత యని పేరు పెట్టెను. సాధనము కన్నైనపుడే ఆ భ్రమ తప్పదు. వెలగల సాధనము మెడలో నున్నపుడు చెప్పవలసినదేమున్నది? దానికి అలసట లేదు, సంకోచము లేదు. దానికి లేని సంకోచము నాకును అక్కరలేదని నేను నమ్మితిని. ఇస్తాంబుల్ నగరముననే యుండి రాజ్యమేలిన సుల్తాను రెండవ అబ్దుల్ హమీదు, యిల్‌దిజ్ కోటను దాటి వెలుపలకు వచ్చుట అరుదు. తన సామ్రాజ్యమును ఛాయాచిత్రములలో చూచుకొనెడివాడు, చిత్రసంపుటములను పరదేశములకు కానుకగ పంపెడివాడు. తాను కనబడక అందరిని చూచుట: ప్రభువుల కోరికయు ఛాయాచిత్రకారుని కోరికయు ఒక్కటే.

అటుపిమ్మట జరిగినది చాల చిన్న విషయము. చెరిపినది చూచి వృద్ధుడు చేయెత్తగా, ఆ తట్ట కుర్రవాడు నడుము సన్నగిల్లిన గ్లాసులలో ఎఱ్ఱని చాయ్ తెచ్చి మాకు మువ్వురకును ఇచ్చెను. నేను అతని ప్రక్క పీటపై కూర్చుంటిని. ఏమి చేయుచున్నారని అడిగించితిని. అతడు మాటలతో చెప్పలేదు. మోకాళ్లపై తివాచీని తిరుగవేసెను. పైన పూలు, లతలు, పచ్చని అంచు. వెనుక వరుసలు కట్టిన ముడులు, ఒక్కొక్కటి నువ్వుగింజయంత. తివాచీని తెలిసినవాడు ముందువైపు చూచి కొనడట, వెనుకవైపు ముడులను లెక్కించి కొనునట. బాగుచేసిన చోటు వెనుక తెలియకపోయిననే పని పనియట. అతడు వ్రేలు పెట్టి చూపినను, పాతముడి యెక్కడ ముగిసి కొత్తముడి యెక్కడ మొదలైనదో నా కంటికి అందలేదు.

గీతయందు పదుమూడవ అధ్యాయమున పరమపురుషునికి ‘ఉపద్రష్ట’ యని పేరున్నది. ఉప యనగా దగ్గర; దగ్గర నుండి చూచువాడు. దీనికి శంకరులు చెప్పిన దృష్టాంతము, ఋత్విక్కులును యజమానుడును యజ్ఞకర్మలో మునిగియుండగా, తాను ఏ కర్మయు చేయక సమీపమున కూర్చుండి చూచువాడు. అంతవరకు నేనును ఒప్పుకొందును, నేనును ఏమియు చేయలేదు గదా! కాని శంకరులొక విశేషణము చేర్చిరి: ఆ చూచువాడు యజ్ఞవిద్యయందు కుశలుడు. వారి పనిలోని గుణదోషములు అతనికి తెలియును. పని చేయకుండుట సాక్షికి సగము లక్షణమే. ప్రక్కన కూర్చుండుటయు, పని తెలిసియుండుటయు కలిసిననే పూర్తి. వీధినడుమ నిలిచి, ముడి యన నేమో యెరుగక, మూడు మారులు మీట నొక్కినవాడు తటస్థుడు కాడు, దూరస్థుడు మాత్రమే. దూరమును వైరాగ్యమని పొరబడుట నాబోటి విద్యావంతులకు అలవాటు. అవ్వ భయపడినది ఈ దూరపు చూపునకే నేమో. దారిన పోవువాని దిష్టి తగులునని మనవారు ఊరక అనలేదు.

ఉచితముగ చాయ్ త్రాగితినను మొగమాటముతో నోటు తీయబోగా వృద్ధుడు మరల గడ్డమెత్తెను. ఈసారి నాకు అర్థమైనది. ప్రక్క దుకాణమువైపు చూపి, ఆయనకింకను ‘సిఫ్తా’ కాలేదనెను. అది మన బోణీ. తనకు బోణీ అయిన వర్తకుడు తరువాతి కొనుగోలుదారును బోణీ కాని పొరుగువానికి పంపుట అక్కడి పాత మర్యాద. పోయి ఒక చిన్న గుడ్డసంచి కొంటిని. ఆ పొరుగువాడు నోటును గడ్డమునకు తాకించుకొని పెట్టెలో వేసికొనెను.

నేను లేచునపుడు వృద్ధుడు తివాచీని వెనుకవైపే నావంక చాపి, కెమెరాను చూపి, తల ఊపెను. ఆ బజారున ఆ యుదయమున తీసిన చిత్రములలో నేను దాచుకొన్నది అదొక్కటే. అందులో గుమ్మటము లేదు, దీపముల వరుస లేదు, ముఖము లేదు. ఎఱ్ఱని ముడుల వరుసలు మాత్రమున్నవి. మీట నొక్కునపుడు నేను చూడలేదు గాని, క్రింది మూలను నా ఖాళీ చాయ్ గ్లాసు సగము పడినది. మా మార్గదర్శి దానిని కత్తిరించివేసిన చిత్రము చక్కబడుననెను. నేను కత్తిరింపలేదు.