మధువన రక్షకుని మొర

సుందరకాండ పారాయణము చేయువారు మధువన ఘట్టమునకు వచ్చునప్పటికి చిరునవ్వు నవ్వుదురు. సీతమ్మ జాడ తెలిసిన ఆనందములో అంగదాది వానరవీరులు సుగ్రీవుని మధువనములో చొరబడి, తేనె త్రాగి, చెట్లు విరిచి, చిందులు త్రొక్కిరి. అడ్డు వచ్చిన వనపాలకుని, సుగ్రీవునకు మేనమామయే అయిన దధిముఖుని, చితుకగొట్టిరి. మనము వానరుల సంబరములో పాలుపంచుకొందుము గాని, దెబ్బలు తిని ప్రభువు పాదములపై పడి మొర పెట్టుకొన్న దధిముఖుని తలచువారు అరుదు.

పల్నాటి సీమలో నేడు వీధివీధికి ఒక దధిముఖుడున్నాడు. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతముల పల్లెలలో కోతులమూక ఒక పూట దిగినచో ఇంటి పెంకులు లేచిపోవును. పెరటిలోని జామపిందెలు రాలును. చిక్కుడు పందిరి నేలకూలును. డాబాపై ఆరబోసిన వడియములు మాయమగును. వంటింటి తలుపు ఓరగా నున్నచో అన్నపు గిన్నెయే పోవును. నాపరాళ్ళ మిద్దె గలవాడు కొంత నిబ్బరముగా నుండగలడు. పెంకుటింటి పేదవాడు వానలకు ముందు మరల పెంకులు కొనవలసినదే. ఆ ఇంటి ఇల్లాలు కర్ర ఎత్తును, ఎత్తిన వెంటనే “ఆంజనేయా, తప్పు కాయుము తండ్రీ!” అని చెంపలు వేసికొనును. బ్రతికియున్న కోతిపై రాళ్ళు రువ్విన ఊరే, అది కరెంటు తీగ తగిలి చనిపోయినచో పసుపుకుంకుమలు చల్లి, భజనతో ఊరేగించి, పాతిపెట్టిన చోట ఆంజనేయస్వామి గుడి కట్టుటయు మన తెలుగుదేశములో ఉన్నదే. దీనిని చూచి నవ్వువారు నవ్వవచ్చును. నాకు మాత్రము ఇందులో వంచన కనబడదు. భయమును భక్తియు కలిసిన ఒక నిజమైన ధర్మసంకటము కనబడుచున్నది.

కోతిని తరుముట పాపమా అని ఆ ఇల్లాలు అడుగును. నా మనవి ఏమనగా, ఈ ప్రశ్న ఆమె అడుగవలసినది కాదు. కోతికి పండు పెట్టుట పుణ్యమా అని యాత్రికుడు అడుగవలెను.

కోటప్పకొండకు వచ్చు భక్తులు త్రికూటేశ్వరుని దర్శించి, తిరుగుత్రోవలో కోతులకు అరటిపండ్లు, కొబ్బరిముక్కలు, పిల్లల చేతిలోని బిస్కట్లు పంచిపెట్టుట మామూలు. ఇచ్చువాని మనస్సు మంచిదే. కాని అడవిలో ఆకు, కాయ, పురుగు వెదకుకొనుటలో దినమంతయు గడపు ప్రాణికి ఘడియలో కడుపు నిండు ఉపాయము దొరకినచో అది అడవికేల పోవును? తిండి సమృద్ధిగా నున్న చోట పిల్లలు ఎక్కువ పుట్టును, ఎక్కువ బ్రతుకును. సంచి పట్టుకొన్న ప్రతి చేయియు ఆహారమే అని మూక నేర్చుకొనును. ఇచ్చినవాడు సాయంకాలమునకు బస్సెక్కి తన ఊరు చేరును. మరునాడు యాత్రికులు రానిచో ఆ మూక దిగువ పల్లెల కప్పుల మీదికి వచ్చును. పుణ్యము ఒకరి ఖాతాలో వ్రాయబడి, దాని వెల మరియొకరి చిక్కుడు పందిరి చెల్లించుచున్నది.

సుగ్రీవుడు వానరులను క్షమించెను, నిజమే. దధిముఖుని మొర వినినంతనే కార్యము ఫలించినదని గ్రహించి సంతోషించెను. అయితే ఆ వనము ఎవరిది? సుగ్రీవునిది. తన సొత్తుకు కలిగిన నష్టమును తాను క్షమించెను. పొరుగువాని నష్టమును మనము క్షమించుట ఆ కోవకు చెందదు. గృహస్థునకు విధింపబడిన భూతయజ్ఞము కూడ ఈ మాటనే బలపరచును. కాకులకు, కుక్కలకు, క్రిమికీటకములకు బలి పెట్టునది తన ఇంట వండిన అన్నము; పెట్టు చోటు తన వాకిలి. అందువలన వచ్చు చిక్కులన్నియు పెట్టినవానివే.

కోటప్పకొండపై కాకులు వాలవని ప్రతీతి. ఆనందవల్లి అను గొల్లభామ స్వామికి నీరు తెచ్చి కడవను దించగా కాకి వాలి దొర్లించినదట. కాకులు ఈ కొండకు రాకుండుగాక అని ఆమె శపించినదట. ఆ కథలో నాకు నచ్చినది శాపపు హద్దు. ఆమె కాకి జాతి నశించవలెనని కోరలేదు; ఈ చోటికి రావద్దన్నది. హనుమంతుడు అశోకవనమును పెకలించునపుడు కూడ సీతమ్మ ఆశ్రయించిన శింశుపావృక్షమును తాకలేదు. సామాన్యపు కోతికి ఆ వివేకముండదు గనుక హద్దు గీయవలసినవాడు మనుష్యుడే.

ఆ హద్దు నిలుపుటకు కర్ర చూపి అదలించుట, వల కట్టుట, తలుపు వేయుట, కోతికందు కొమ్మ నరుకుట, ఇవి ఏవియు పాపములు కావు. విషము పెట్టుట, తీగలకు కరెంటు పారించుట పాపములు. ఆ తీగ దారిన పోవు మనుష్యుని కూడ ఎరుగదు. కొండముచ్చును త్రాట కట్టి కాపలా పెట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. ఆ మూగజీవికి చెర కూడ. కోతులను బోనులో పట్టి రాత్రివేళ మరియొక ఊరి పొలిమేరలో విడుచుట తెలివిగా తోచును. అక్కడ కూడ పెంకుటిండ్లున్నవి.

సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి విడుచు పద్ధతి హిమాచల ప్రదేశములో 2006-07లో ఆరంభమైనది. తెలంగాణలో నిర్మల్ వద్ద 2020లో అందుకై ఒక కేంద్రము తెరచిరి. అది దయతో కూడిన మార్గమే గాని, నేడున్న మూక రేపటికి తగ్గదు, ఏండ్లు పట్టును. ఆ లోపల దేవస్థానములు చేయదగిన పని చిన్నది. కొబ్బరిచిప్పలు, ప్రసాదపు ఆకులు పడవేయు తొట్లకు మూతలుండవలెను. మెట్ల వద్ద కోతులకు పండ్లు పెట్టవద్దని భక్తులకు మృదువుగా చెప్పవలెను. కోతికని కొన్న పండ్లను స్వామికి నివేదించి పిల్లలకు పంచవచ్చును. ఆ సొమ్మే మిగిలినచో దిగువ పల్లెలలోని పేదల పందిళ్ళకు వలలు కొనిపెట్టవచ్చును.