ఆదివారం వాణ్ణి పంపు

అమ్మాయ్,

నిద్ర పట్టడం లేదన్నావు కాబట్టి నిన్న ఫోన్లో నువ్వడిగినదానికే ముందు జవాబు చెబుతాను. ఐదేళ్లు నిండగానే నీ కొడుకుని వాళ్ల నాన్న తీసుకుపోతాడని ఎవరో నిన్ను భయపెట్టారు. అలా అప్పగించెయ్యమని ఏ చట్టంలోనూ లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షను, ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది, అంతే. ఆపైన పదమూడో సెక్షను చూడు. అక్కడ పిల్లవాడి మేలు ముందు, మీ ఇద్దరి హక్కులూ తర్వాతే. వాడు బడికి వెళ్తున్నాడు, వేళకి తింటున్నాడు, అమ్మమ్మ పక్కన పడుకుంటున్నాడు. కుదురుగా ఉన్న పిల్లవాణ్ణి ఊరికే కదిలించడానికి జడ్జీలు తొందరపడరు. ఆ భయం మానెయ్.

ఇక నీకు రుచించని మాట. రెండు ఆదివారాలుగా వాణ్ణి వాళ్ల నాన్న దగ్గరికి పంపలేదట. మీ అమ్మ చెప్పింది. ఒకసారి జలుబన్నావట, ఇంకోసారి ఎవరిదో పుట్టినరోజన్నావట. భరణం వెయ్యనివాడికి పిల్లాణ్ణెందుకు చూపించాలని నీ కోపం. ఆ కోపంలో న్యాయముంది. కానీ భరణం బకాయికి దారి వేరే ఉంది తల్లీ. వసూలుకి పిటిషను వేయించు, వాయిదాకి నేనూ వస్తాను. డబ్బు లెక్కలోకి వాడి ఆదివారాన్ని లాగొద్దు. కోర్టు ఆర్డరులో ఉన్న రోజున పంపకపోతే అవతలి లాయరు ప్రతి తేదీ రాసిపెట్టుకుంటాడు. పిల్లల మేలు కోరితే కస్టడీ ఆర్డరు ఎప్పుడైనా మార్చవచ్చని సుప్రీంకోర్టు 1973లోనే రోజీ జాకబ్ కేసులో చెప్పింది. తల్లిదండ్రుల్లో ఒకరు రెండోవాళ్ల మీద పిల్లల మనసు విరిచెయ్యడం వల్ల జరిగే హాని గురించి 2017లో మరో తీర్పులో ప్రత్యేకంగా రాసింది.

చట్టం మాట అటుంచు. నేను ప్రాక్టీసు చేసే రోజుల్లో ఒక ఏడేళ్ల పిల్లాడు నెలకి రెండుసార్లు కోర్టు వరండాలో తండ్రిని కలిసేవాడు. ఆ తండ్రి ఒకసారి ఎర్రటి బొమ్మకారు తెచ్చాడు. బెంచీ మీద, కిందా, గోడ వెంటా గంటసేపు దాన్ని నడిపించాడు వాడు. టైమైపోగానే తనే దాన్ని కవర్లో పెట్టి, "నీ దగ్గరే ఉంచు నాన్నా, అమ్మ చూస్తే బాధపడుద్ది" అన్నాడు. ఆ తల్లి నా క్లయింటే. తండ్రి గురించి వాడి ముందు ఒక్క మాట తూలి ఎరగదు. మొహం మాత్రం ముడుచుకునేది. వాడికి అది చాలింది. నీ మొహం కూడా దాగదమ్మా, చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.

అతను నిన్నుగానీ వాణ్ణిగానీ కొట్టే మనిషైతే నా సలహా ఇలా ఉండేది కాదు. అప్పుడు ఎవరైనా దగ్గరుండగానే కలవనివ్వాలని కోర్టునడిగేదాన్ని. కలవడమే బిడ్డకి చేటు అనిపిస్తే దాన్ని ఆపే అధికారం 2005 నాటి గృహహింస చట్టం మేజిస్ట్రేటుకిచ్చింది. మీ మధ్య అలాంటిదేమీ లేదని నువ్వే చెప్పావు. మీకు పడలేదు, అంతే. వాడికి అతనితో పడుతోంది.

తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఒకరి దగ్గర ఉన్నా రెండోవారితో చాలినంత కాలం గడపాలి, దూరాన ఉంటే వీడియో కాల్లోనైనా మాట్లాడాలి అని. విడిపోయినా కలిసి పెంచే పద్ధతికి చట్టంలో చోటివ్వమని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ మేరకు పార్లమెంటు చట్టం చెయ్యలేదు. అయినా మీరిద్దరూ ఒప్పుకుని రాసుకొస్తే, అది పిల్లవాడికి మంచిదైతే, ఫ్యామిలీ కోర్టు సంతోషంగా ఆర్డరులో కలుపుతుంది. జడ్జిగారికి మీ బుడ్డోడు రాత్రి లైటు వేసి ఉంటేగానీ పడుకోడని తెలియదు. మీకు తెలుసు.

కాబట్టి కూర్చుని రాయండి. ఎవరు దింపాలి, ఎన్నింటికి దింపాలి, గేటు దగ్గరా లోపలికా. జ్వరమొస్తే ఎవరికి ముందు ఫోను. బడివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇద్దరి నంబర్లూ ఉండాలి, ప్రోగ్రెస్ కార్డు ఇద్దరికీ అందాలి. దసరా ఒకరి దగ్గర, సంక్రాంతి ఇంకొకరి దగ్గర, మరుసటేడు తిరగెయ్యండి. అతనికి అమెరికా ప్రాజెక్టు రావచ్చన్నావు కదా, రెండోవాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ వాణ్ణి దేశం దాటించకూడదని గట్టిగా రాయించు. పిల్లల్ని వెనక్కి రప్పించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు, దాటాక పోరాడటం చాలా కష్టం. ఈ షరతు నీకూ వర్తిస్తుంది.

ముసాయిదా నేను రాసి శుక్రవారానికల్లా పంపుతాను. నీ లాయరుకి చూపించి అతనికీ ఒక కాపీ పంపు. సంక్రాంతి సంగతి మాత్రం కాగితం మీద వదిలెయ్యకుండా నువ్వే ఫోన్ చేసి అడుగు. ఈ ఆదివారం వాడి సంచిలో దగ్గు మందు, వాడు పక్కనేసుకుని పడుకునే పాత దుప్పటి మర్చిపోకుండా పెట్టు.

నీ పెద్దమ్మ