ఊరి లెక్క, వీధి లెక్క



మీ ఊళ్లో ఎన్ని కులాల వాళ్లున్నారని ఎవరైనా అడిగితే మీరు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేస్తారు. మా ఊళ్లో అందరూ ఉన్నారండీ అని కాస్త గర్వంగా కూడా అంటారు. మరి మీ వీధిలో ఎన్ని కులాల వాళ్లున్నారని అడిగితే? అక్కడ మాట కాస్త తడబడుతుంది. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు ప్రశ్నలు నిజానికి ఒకటి కావు. అందరూ ఉండటం వేరు, అందరూ కలిసి ఉండటం వేరు. ఈ వారం ఆ తేడా గురించి ఆలోచిద్దాం.

కొల్లేటికోటనే తీసుకోండి. ఫాల్గుణ మాసంలో పెద్దింట్లమ్మ తిరునాళ్లకు కైకలూరు నుంచి, ఏలూరు నుంచి, చుట్టుపక్కల లంక గ్రామాల నుంచి జనం తరలివస్తారు. ఒకప్పుడు పడవల మీద వచ్చేవారు, ఇప్పుడు రోడ్డు మీద వస్తున్నారు. ఆ రద్దీలో ఎవరి భుజం ఎవరికి తగిలిందో ఎవరూ చూడరు. తిరునాళ్లు ముగిశాక మాత్రం ఎవరి వాడకు వారు వెళ్తారు. కొల్లేటి ఊళ్లలో వడ్డీల ఇళ్లు ఒక చోట, దళితుల పేట ఒక పక్క, తక్కిన కులాల వీధులు ఇంకో పక్క ఉండటం మీరు చూసే ఉంటారు. పగలు చేపల చెరువు మీద అందరూ ఒకే వల లాగుతారు, ఒకే లారీకి పెట్టెలు ఎక్కిస్తారు. పొద్దుగూకేసరికి దారులు విడిపోతాయి. పనిలో కలిసిన వాళ్లు నివాసంలో కలవరు.

ఇది మన పల్లెల జబ్బేననీ, పెద్ద నగరాల్లో ఇలాంటివి ఉండవనీ అనుకునేవారున్నారు. అలాంటివారు అమెరికా మహానగరాలను ఒకసారి చూడాలి.

2020 జనాభా లెక్కల ప్రకారం షికాగో నగరంలో తెల్లవారు, నల్లవారు, లాటిన్ అమెరికా మూలాలవారు ఇంచుమించు నూటికి ముప్పై చొప్పున ఉన్నారు. కాగితం మీద ఇంతకన్నా చక్కని కలయిక ఉంటుందా? కానీ అదే షికాగో అమెరికాలో అతి ఎక్కువ వేర్పాటు ఉన్న నగరాల్లో ఒకటి. నల్లవారు దక్షిణాన, పడమటన, తెల్లవారు ఉత్తరాన. ఊరి లెక్క బాగుంది, వీధి లెక్క బాగాలేదు.

ఈ వీధి లెక్క కట్టడానికి అక్కడి సామాజిక శాస్త్రవేత్తలు 1950ల నుంచి ఒక సూచీ వాడుతున్నారు. అది అర్థం కావడానికి ఒక ఊరిని ఊహించుకుందాం. వెయ్యి ఇళ్ల ఊరు. అందులో 700 ఇళ్లు ఒక వర్గానివి, 300 ఇళ్లు మరో వర్గానివి. ప్రతి వీధిలోనూ పది ఇళ్లకు మూడు ఆ రెండో వర్గానివైతే సూచీ సున్నా. ఆ 300 ఇళ్లూ ఊరి బయట ఒకే చోట ఉంటే సూచీ నూరు. సూచీ 70 ఉందంటే, అంతటా సమంగా కలవాలంటే ఒక వర్గంలో నూటికి డెబ్భై మంది ఇల్లు మారాలని అర్థం. షికాగో, డెట్రాయిట్, మిల్వాకీ మహానగర ప్రాంతాల్లో తెల్లవారికీ నల్లవారికీ మధ్య ఈ సూచీ 1990లో 80 దాటింది. 2010 నాటికీ 70కి పైనే ఉంది. మన పేటలకు ఈ లెక్క కడితే ఎంత వస్తుందో చెప్పడానికి శాస్త్రవేత్తలు అక్కర్లేదు. పేట మొత్తం ఒకవైపు, ఊరు మొత్తం ఒకవైపు ఉన్నచోట అది నూరే.

ఇంకో సంగతి కూడా గమనించాలి. సూచీ తక్కువగా ఉన్నంత మాత్రాన ఆ ఊరు మంచిదని కాదు. పోర్ట్‌లాండ్ లాంటి నగరంలో సూచీ షికాగో అంత ఎక్కువ లేదు, అయితే అక్కడ నల్లవారే బహు కొద్దిమంది. ఎవరినీ రానివ్వని ఊళ్లో వేరుపెట్టడానికి ఎవరుంటారు?

మరి అమెరికా నగరాలు ఇలా ఎందుకు చీలిపోయాయి? తమవాళ్ల దగ్గర ఉండాలని ఎవరికి వారు కోరుకున్నారు కాబట్టేనా? కొంత అది కావచ్చు. అయితే 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల పటాలు గీయించి, నల్లవారుండే పేటలకు ఎర్ర రంగు వేయించింది. ఎర్ర రంగు అంటే అప్పు ఇవ్వడం ప్రమాదమని అర్థం. ఇంటి అప్పులకు హామీ ఇచ్చే ప్రభుత్వ శాఖ కూడా అదే దారిన నడిచింది. 1941లో డెట్రాయిట్‌లో ఒక బిల్డరు నల్లవారి ఇళ్ల పక్కనే తెల్లవారికి ఇళ్లు కట్టబోతే ఆ హామీ దొరకలేదు. అప్పుడాయన రెండింటి మధ్య అరమైలు పొడవున ఆరడుగుల గోడ కట్టించాడు. హామీ దొరికింది. ఆ గోడ చాలా భాగం ఇప్పటికీ నిలిచే ఉంది. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి వివక్ష చూపరాదనే చట్టం 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి వచ్చింది. చట్టం తలుపు తెరిచింది గానీ అప్పటికే వీధులు గట్టిపడిపోయాయి.

కథోలికులమైన మనం తప్పక తెలుసుకోవలసిన ఘట్టం ఒకటి ఇందులో ఉంది. 1966 ఆగస్టు 5న షికాగోలోని మార్కెట్ పార్కు దగ్గర, ఇళ్ల విషయంలో న్యాయం కోరుతూ మార్టిన్ లూథర్ కింగ్ ఊరేగింపు నడిపారు. ఎవరో విసిరిన రాయి ఆయన తలకు తగిలింది. ఆ పేటలో ఉన్నవారిలో చాలామంది లిథువేనియా, పోలండ్, ఐర్లండ్ దేశాల నుంచి వచ్చిన కథోలిక కుటుంబాలవారు. తమ చెమటతో గుడి కట్టుకున్నారు, బడి కట్టుకున్నారు, విచారణను ప్రాణంగా చూసుకున్నారు. ఆ ప్రేమే వారి కళ్లకు గంత కట్టింది. నల్లవారు వస్తే మన విచారణ ఏమైపోతుందోనని భయపడ్డారు. ఆ ఊరేగింపుల్లో గురువులూ మఠకన్యలూ కూడా నడిచారు. ఒకే తిరుసభ బిడ్డలు రోడ్డుకు ఇటూ అటూ నిలబడ్డారు.

ఇక మన వైపు చూద్దాం. మనకు ఎర్ర రంగు పటాలు అక్కర్లేకపోయింది. ఊరు కట్టినప్పుడే పేట విడిగా ఉంది. తర్వాత ప్రభుత్వాలు ఇళ్ల స్థలాలు ఇచ్చినప్పుడు కూడా చాలాచోట్ల ఎస్సీ కాలనీ విడిగానే వెలిసింది. పేదవానికి పక్కా ఇల్లు దొరకడం గొప్ప మేలే, కాదనలేం. కానీ పాత గీతను మళ్లీ సిమెంటుతో గీసినట్టయింది. ఆ కాలనీకి దొరికే నేల కూడా చాలాసార్లు పల్లపు నేలే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచి కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల దారులు నీట మునిగాయి. నీటికి కులం లేదంటాం. నిజమే, నీటికి లేదు. కానీ పల్లంలో ఎవరిని ఉంచామన్నది మనుషుల నిర్ణయం. 2005లో కత్రినా తుపానుకు న్యూ ఆర్లియన్స్ మునిగినప్పుడు కూడా పల్లపు నల్లవారి పేటలే ఎక్కువ నష్టపోయాయి.

పట్నానికి పోతే ఈ బాధ పోతుందా? ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో అద్దె ఇంటికి వెళ్లిన వారిని అడగండి. ఎన్ని గదులు కావాలి అన్నదానికన్నా ముందు వచ్చే ప్రశ్న, మీరేమిట్లండీ? లేదా ఇంటిపేరు ఏమిటి? సమాధానం నచ్చకపోతే ఇల్లు అప్పటికప్పుడే వేరేవారికి మాటిచ్చేసినట్టు అయిపోతుంది. 2001 జనాభా లెక్కలను బట్టి హైదరాబాదుతో సహా దేశంలోని ఏడు పెద్ద నగరాలను పరిశీలించిన ఇద్దరు పరిశోధకులు 2012లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ నగరాల్లో జనం విడివిడిగా నివసించడం డబ్బును బట్టి కన్నా కులాన్ని బట్టే ఎక్కువగా ఉందని అందులో తేలింది.

మన క్రైస్తవుల విషయంలో లెక్కలు ఇంకా చిత్రం. దళితుడు జ్ఞానస్నానం పొందితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల జాబితాలో చోటుండదు, మన రాష్ట్రంలో బీసీ-సి అవుతాడు. కాగితం మీద కులం మారింది. ఇల్లు మాత్రం అదే పేటలో ఉంది. కాగితం చూడనిది వీధి చూస్తూనే ఉంటుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. తమవాళ్ల మధ్య ఉండాలనుకోవడం పాపమా? అమెరికా వెళ్లిన మన తెలుగువారు టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో దగ్గరదగ్గరగా ఇళ్లు తీసుకుంటున్నారు. పండగకు పిలుచుకోవచ్చు, పిల్లలకు భాష నిలుస్తుంది. దానిని తప్పు పట్టగలమా? పేటకు కూడా తనదైన బలం ఉంది. ఒకరి కష్టానికి ఇంకొకరు పరుగెత్తుకొచ్చే చోటు అది.

నిజమే. అందుకే విడిగా ఉన్నారా అన్నది ఒక్కటే అడిగితే చాలదు. ఇంకో రెండు అడగాలి. ఆ గీత ఎవరు గీశారు? దాటాలనుకున్న వానికి దాటే వీలుందా? ఇర్వింగ్‌లో ఉన్న తెలుగువాడు రేపు వేరే వీధికి మారితే అడ్డుకునేది లేదు. పేటవాడు ఊళ్లో స్థలం కొంటానంటే ఎంతమంది అమ్ముతారు? కోరి చేరింది గూడు. బయటికి దారి లేనిది దొడ్డి.

విడిగా ఉండటం ఎంత ప్రమాదమో మన పక్కనే చూశాం. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయమై వివాదం రేగి, దళిత కుటుంబాలను సాంఘికంగా వెలివేశారని రాష్ట్రమంతా అట్టుడికింది. ఆలోచించండి, ఊరంతా కలగలిసి ఉంటే వెలి వేయడం సాధ్యమా? పక్కింటి వానితో మాట్లాడవద్దంటే నాలుగు రోజులు కూడా సాగదు. గోడ అవతల ఉన్నవానితో మాట్లాడవద్దంటే అప్పటికే సగం పని అయిపోయి ఉంది.

కలిసి ఉండేలా చేయడం సాధ్యమేనా అని అడిగితే, సింగపూరు ప్రయత్నించింది. అక్కడ చాలా ఎక్కువమంది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. 1989 నుంచి ప్రతి భవనంలోనూ చీనీయులు, మలయులు, భారతీయులు ఇంతకు మించరాదని హద్దు పెట్టారు. దానివల్ల మైనారిటీవారికి ఫ్లాటు అమ్ముకోవడం కొన్నిసార్లు కష్టమవుతోందన్న విమర్శా ఉంది. అయినా ఒకే లిఫ్టు, ఒకే మెట్లు అందరివీ అయ్యాయి. వేర్పాటు ప్రకృతి ధర్మం కాదనీ, మనుషులు కట్టింది మనుషులు మార్చగలరనీ దానివల్ల తెలుస్తోంది.

చివరగా సువార్త వైపు చూద్దాం. లూకా సువార్త 10వ అధ్యాయంలో ధర్మశాస్త్ర బోధకుడు, నా పొరుగువాడెవడని యేసు ప్రభువును అడిగాడు. ఎక్కడ గీత గీయాలో చెప్పమని దాని అర్థం. ప్రభువు గీత చెప్పలేదు. సమరయుని కథ చెప్పి, ఆ గాయపడినవానికి పొరుగువాడైనది ఎవరని తిరిగి అడిగారు. ఆ సమరయుడు యూదుల ఊళ్లో ఇల్లు దొరికేవాడు కాడు. వాళ్లిద్దరూ కలిసింది రెండు ఊళ్ల మధ్య దారిలో. దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు కూడా 2020లో రాసిన విశ్వలేఖలో ఒక అధ్యాయమంతా ఈ కథ మీదే ధ్యానించారు.

మన భాషలో పొరుగు అంటే పక్కిల్లే. పొరుగువారిని ప్రేమించమన్న ఆజ్ఞను మనం ఎంత తెలివిగా సులువు చేసుకున్నామో చూడండి. ముందు మనకు నచ్చినవారినే పొరుగున ఉంచుకుంటాం, ఆ తర్వాత పొరుగువారిని ప్రేమిస్తాం. ఆజ్ఞ తప్పినట్టు కనపడదు, ప్రేమకు పరీక్షా రాదు. వేర్పాటులోని అసలు పాపం ఇదే. అది ద్వేషం అడగదు. ఎదుటివాడు కంటికి కనపడకపోతే చాలంటుంది.

తిరుసభ ఈ విషయంలో తన ఇంటిని తాను చూసుకోక తప్పదు. 2016లో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో, సభలో కూడా వివక్ష ఉందని ఒప్పుకుని దాన్ని తొలగించాలని కోరింది. 2022లో మన తెలుగు బిడ్డ పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ స్థానానికి వెళ్లిన మొదటివారు ఆయనే. అది సంతోషించవలసిన విషయం. కానీ గుణదల మాత ఉత్సవంలో ఒకే వరుసలో నిలబడిన మనం ఇంటికొచ్చి సంబంధాలు చూసేటప్పుడు, సమాధుల తోటలో చోటు చూసేటప్పుడు మళ్లీ ఎన్ని వరుసలవుతున్నామో ప్రతి విచారణా తనను తాను అడగాలి.

కాబట్టి ఈసారి ఎవరైనా మీ ఊరి గురించి అడిగితే, అందరూ ఉన్నారని చెప్పి ఊరుకోకండి. మీ వీధి చివర నిలబడి చూడండి. గడచిన ఏడాదిలో రోడ్డుకు అవతలివారు ఎంతమంది మీ ఇంట్లో కూర్చుని అన్నం తిన్నారు? మీరు ఎన్ని గడపలు ఎక్కి తిన్నారు? మీ దగ్గర అద్దెకు ఇచ్చే వాటా ఉంటే, వచ్చినవారిని అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? అమ్మే స్థలం ఉంటే, ఎవరికి అమ్మనని మనసులో అనుకున్నారు? ఈ లెక్క సర్కారు వారు కట్టరు. మీరే కట్టుకోవాలి. వచ్చిన అంకె తక్కువైతే, ఈ ఆదివారం పూజ అయ్యాక ఒక్క ఇంటితో మొదలుపెట్టండి.