వాతావరణ శాఖ మాట

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మచిలీపట్నం, కాకినాడ, విశాఖ రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఒకటో నంబరు అంటే ముప్పు ఇంకా దూరాన ఉందని. పదో నంబరుకు వచ్చేసరికి పెను తుపాను రేవు మీదికే వస్తోందని. అక్కడితో అయిపోదు, పదకొండోది కూడా ఉంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, అయినా ముప్పు ఉందని రేవు దగ్గరి అధికారి భావిస్తున్నారు అని దానికి అర్థం. కబురే అందని పరిస్థితి ఒకటి రావచ్చని ముందే ఆలోచించి, దానికీ ఒక నంబరు కేటాయించారు. నిపుణుల్ని ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్నకు జవాబు వెతికేవాళ్లు ఈ పదకొండో నంబరు దగ్గర కాసేపు ఆగాలి.

1977 నవంబరు 19న కృష్ణా తీరంలోని దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లలో ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. పోయిన ప్రాణాలు పది వేల పైమాటే. తుపాను వస్తోందన్న కబురు అసలు లేక కాదు. సముద్రం అంత ఎత్తున లేచి ఊళ్ల మీద పడుతుందని గుడిసెల్లో ఉన్నవాళ్లకు అర్థమయ్యేలా చెప్పిన గొంతు లేదు. చెప్పినా, పరుగెత్తి ఎక్కడానికి గట్టి కట్టడం లేదు.

1990 మే 9న అదే కృష్ణా తీరం మీదికి మరో భీకర తుపాను వచ్చింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా ముందే ఇళ్లు వదిలారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. అది తక్కువ దుఃఖమని కాదు, కానీ పదమూడేళ్ల కిందటి లెక్క పక్కన పెట్టి చూస్తే ఎన్ని కుటుంబాలు నిలబడ్డాయో తెలుస్తుంది. మధ్యలో తీరం పొడవునా తుపాను రక్షణ కేంద్రాలు లేచాయి. శాస్త్రాన్ని నమ్మారు అని మనం సులువుగా అనేస్తాం. ఇల్లు, గొడ్డూ గోదా వదిలి బయల్దేరిన మనిషి నమ్మింది ఉపగ్రహ చిత్రాన్ని కాదు. మైకు పట్టుకొని వచ్చిన ఎమ్మార్వోను, కళ్లెదుట ఉన్న సిమెంటు డాబాను, ఉప్పెనలో పోయిన తనవాళ్ల జ్ఞాపకాన్ని.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు విదేశీ అంచనాలు కొన్ని దాన్ని ఇంకా భయంకరంగా చూపించాయి. భారత వాతావరణ శాఖ తీవ్రతను తక్కువ చేసి చెబుతోందన్న విమర్శ వచ్చింది. శాఖ మాత్రం గాలి వేగం గంటకు 210, 220 కిలోమీటర్ల దాకా ఉంటుందన్న మాట మీదే నిలబడింది. 12వ తేదీ రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపాను దాదాపు ఆ లెక్కలోనే ఉంది. ఒడిశా, ఆంధ్ర తీరాల్లో కలిపి పది లక్షల మందిని తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఇటలీలోని లాక్విలాది. అక్కడ నెలల తరబడి భూమి కంపిస్తుంటే, ప్రమాదం లేదని, స్థిమితంగా ఉండమని ఒక ఉన్నతాధికారి టీవీలో చెప్పారు. వారం తిరక్కుండా, 2009 ఏప్రిల్ 6 తెల్లవారుజామున వచ్చిన భూకంపం మూడు వందల మందికి పైగా బలి తీసుకుంది. శాస్త్రవేత్తల మీద కేసు నడిచింది, 2012లో శిక్ష పడింది, 2014లో ఆరుగురు శాస్త్రవేత్తలూ నిర్దోషులుగా బయటపడ్డారు. భూకంపాన్ని ముందే చెప్పలేకపోవడం నేరం కాదు, ఎవరూ చెప్పలేరు. తెలియని చోట తెలిసినట్టు ధైర్యం చెప్పడమే జనాన్ని ముంచింది.

మన తీరంలో మత్స్యకారులకూ ఒక కోపం ఉంది, అది న్యాయమైనదే. వేటకు వెళ్లొద్దన్నారు, పడవలు ఒడ్డుకు లాగాం, తీరా చూస్తే చినుకు పడలేదు అంటారు. తుపాను ఎక్కడికి చేరుతుందో ఒక రోజు ముందు చెప్పే అంచనాలో సగటు తేడా ఒకప్పుడు వంద కిలోమీటర్లు దాటేది, ఇప్పుడు వంద లోపుకు దిగింది. ఆ తేడాను వాతావరణ శాఖే లెక్కగట్టి బయటపెడుతుంది. అంత దూరం తేడా ఉన్నంత కాలం, గాలి తాకని ఊళ్లను కూడా ఖాళీ చేయించక తప్పదు. ఈ సంగతి ఆ ఊళ్లకు ఎవరూ చెప్పడం లేదు. తుపాను పక్కకు తప్పుకున్న మర్నాడు కూడా అధికారి అక్కడికి వెళ్లాలి, ఎందుకు తప్పుకుందో చెప్పాలి, పోయిన వేట రోజులకు కూలి కట్టివ్వాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధానికి భృతి ఇస్తున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఇది చేతకాని పని కాదు.