ఏది అసలు లారీ?

1954-69 మధ్య తయారైన టాటా-మెర్సిడెస్ బెంజ్ లారీ ఒకటి కొని, ఇంజను మార్చి, బాడీ కోసేసి, మెరిసే రంగేసి 'హాట్ రాడ్' చేశారనుకోండి. అది ఇంకా ఆ లారీయేనా? 'ఒరిజినల్ పాడుచేశారు' అనేవాళ్లుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌దీ ఇంచుమించు ఆ మాటే. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. రోడ్డు మీద ప్రాణాల సంగతి కాబట్టి ఆ జాగ్రత్త న్యాయమే.

కానీ మన లారీకి ఒరిజినల్ ఎక్కడుంది? ఒకప్పుడు కంపెనీ నుంచి చాలావరకు వచ్చేది ఇంజనుతో ఒట్టి చాసిస్. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వడ్రంగి, వెల్డరు, పెయింటరు కలిసి దాన్ని లారీ చేసేవారు. గుంటూరు యార్డు మిర్చి టిక్కీలు, ప్రకాశం పత్తి బోరాలు మోశాక దానికో బతుకు వచ్చేది.

'మిళింద పన్హ'లో నాగసేనుడు రాజును అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? ఏదీ కాదు, అన్నీ కూడినప్పుడు పెట్టుకున్న పేరే రథం. ఆర్టీవో ఆఫీసు మాత్రం చాసిస్ నంబరు చూస్తుంది. నాకు రెండూ చాలవనిపిస్తుంది. దాన్ని తయారుచేసిన చేతులు, నడిపి బతికిన చేతులు కూడా ఆ లారీలో భాగమే.

మార్చడం తప్పు కాదు, ఆటోనగర్ బతికేదే మార్పు మీద. ఆ చేతుల గుర్తులన్నీ గీకేసి, తర్వాత దాన్నే 'వింటేజ్' అని చూపించుకోవడం తప్పు. పాత చెక్కొకటి, పెయింటరు రాసిన అక్షరాలు నాలుగు ఉంచితే కొత్త బండి పాతదానికి చుట్టమవుతుంది. లేదంటే మిగిలేది నంబరొక్కటే.