ఆపద్ధర్మమునకు హద్దు

ఛాందోగ్యోపనిషత్తున ఉషస్తి చాక్రాయణుని కథ కలదు. కురుదేశమున పైరులు నశించి కరవు రాగా, ఆతడు భార్యతో ఏనుగుల కాపరుల గ్రామమున తలదాచుకొనెను. ఒక కాపరి తినుచున్న కుల్మాషములనే యాచించి భుజించెను. ఆ కాపరి తన ఎంగిలినీరు ఈయబోగా మాత్రము వలదనెను. గింజలు ఎంగిలి కావా యని యడుగగా, అవి తినకున్న ప్రాణము నిలువదు, నీరన్ననో వేరుచోట దొరకును అని యాతని సమాధానము. ప్రాణాపాయమునందే సర్వాన్నమునకు అనుమతి యని నిరూపించుచు శ్రీభాష్యకారులును ఈ కథనే గ్రహించిరి.

మిగిలిన భాగమును పలువురు విస్మరింతురు. ఉషస్తి శేషించిన గింజలను భార్యకిచ్చెను. అంతకుముందే భిక్ష లభించినందున ఆమె వానిని దాచెను. మరునాడు ఆ గింజలు తినియే ఆతడు రాజు యజ్ఞమునకు నడచిపోయెను.

2020లో కరోనా వచ్చినపుడు బత్తలపల్లె వంటి ఊళ్ళకు ఈ ప్రశ్నయే ఎదురైనది. నాడు అనంతపురము జిల్లాలోనుండి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మెట్టసీమలో ఏటి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ తప్పినచో బెంగళూరు కూలియే దిక్కు. మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలువగా ఆ దారియు మూసుకొనెను. తిరుమలలో సైతము మార్చి 20 నుండి జూన్ వరకు భక్తులకు దర్శనము లేదు. నిత్యకైంకర్యములు మాత్రము ఏకాంతముగా సాగినవి.

అట్టి దినములలో విత్తనపు కాయలను వండుకొన్నవాడు, కాడియెద్దును అమ్మి మందు కొన్నవాడు దోషియా? కాడు. అది ఉషస్తి తిన్న గింజ. కాని బడి మూతపడినపుడు కూలికి పోయిన పిల్లవానిని, బడి తెరచిన పిదపయు కూలికే పంపుట ఎంగిలినీరు త్రాగుటయే. ఆపద తొలగినను ఆపద్ధర్మము తొలగలేదు. ఆ వ్యయమును చెల్లించువాడు తండ్రి కాడు, అడుగబడని ఆ బిడ్డడు. బావినీరు అడుగంట తోడిన యెడల, ఇంకను పుట్టనివారును చెల్లింతురు.

దాచిన గింజ విలువ యేమో ఆ సీమయే చూపినది. 1969లో అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ, బత్తలపల్లెలో వైద్యశాలను ఏనాడో కట్టియుంచినది. 2020లో అదియే కరోనా రోగులకు ఆశ్రయమైనది. రోగము వచ్చిన పిదప పునాది త్రవ్వినచో ఎవరికి ఉపయోగము?

పొరుగున నార్పల మండలమున బండ్లపల్లె యున్నది. జాతీయ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న ఆ గ్రామముననే ఆరంభమైనది. 2020లో కేంద్రప్రభుత్వము ఆ పథకమునకు అదనముగా 40,000 కోట్ల రూపాయలు కేటాయించెను. నగరములనుండి మరలినవారికి ఊరిలోనే పలుగు, పార దొరకినవి. ఊరక పంచిన బియ్యమును తక్కువచేయరాదు; ఆకలికి అదియే ముందు. అయినను పొలములో త్రవ్విన కుంటకు వేరొక గుణము కలదు. కూలి ఆనాటి కడుపు నింపినది, గొయ్యి మాత్రము పొలమున నిలిచినది. తరువాతి వాన అందులోనికే దిగును, త్రవ్వినవాడు అప్పటికి మరల బెంగళూరులో నున్నను.