బోర్డు మీద రాజు, బల్ల దగ్గర మనిషి



మన నెల్లూరు తీరపు పట్టణాల్లో ఏ బజారులో నడిచినా ఒకసారి తలెత్తి హోటళ్ల బోర్డులు చదవండి. రాజా, మహారాజా, దర్బార్, ప్యాలెస్ వంటి మాటలు కనిపిస్తాయి. రాజులు పోయి చాలా కాలమైంది. అయినా ఒక్క కాఫీ తాగేవాడు కూడా ఆ కాసేపు దొరలా కూర్చోవాలని యజమాని ఆశ. అందులో తప్పు లేదు. కాని ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది: మనిషికి గౌరవం బిరుదు వల్ల వస్తుందా, మరి దేనివల్ల వస్తుంది?

పాత నెల్లూరు జిల్లాలోని వెంకటగిరి సంస్థానాన్ని తీసుకోండి. వెలుగోటి వంశపు ప్రభువుల పేర్ల చుట్టూ రాజా, బహదూర్, పంచహజారీ మన్సబ్‌దార్ వంటి బిరుదులెన్నో ఉండేవి. 1948లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 18వ అధికరణంలో, సైనిక, విద్యా సంబంధమైన గౌరవాలు తప్ప రాజ్యం ఏ బిరుదూ ఇవ్వరాదని చెప్పింది. పద్మ పురస్కారాలను సైతం పేరుకు ముందు గాని వెనుక గాని తగిలించుకోరాదని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరి వెంకటగిరి రాజా అన్న మాట నెల్లూరులో ఎక్కడ మిగిలింది? వి.ఆర్. కళాశాల పేరులో మిగిలింది. మన్సబ్‌దారు ఎవరో ఈనాటి పిల్లలకు తెలియదు, వి.ఆర్. అంటే చదువని ఊరంతటికీ తెలుసు.

మద్రాసులో మరో ఉదాహరణ ఉంది. కన్నెమరా ప్రభువు 1886 నుండి 1890 వరకు మద్రాసు గవర్నరు. అప్పుడు మన నెల్లూరు కూడా ఆ ఏలుబడిలోదే. ఆయన 1902లో వారసులు లేకుండా చనిపోగా, ఆ బిరుదు ఆయనతోనే అంతరించింది. పేరు మాత్రం రెండు చోట్ల నిలిచింది. ఒకటి పెద్ద హోటలు, రెండవది 1896లో తెరిచిన గ్రంథాలయం. హోటల్లో అడుగు పెట్టాలంటే జేబు చూసుకోవాలి. గ్రంథాలయంలో పేదవాడి బిడ్డ కూడా కూర్చొని చదువుకోవచ్చు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. ఈ రెంటిలో ఏది మంచి జ్ఞాపకమో మీరే చెప్పండి.

ఇంగ్లాండులో అనేక పానశాలలకు ‘మార్క్విస్ ఆఫ్ గ్రాన్బీ’ అని పేరు. ఆయన సేనాని. యుద్ధంలో గాయపడి పనికిరాకుండా పోయిన సైనికులకు సొమ్మిచ్చి సత్రాలు పెట్టించాడని, వారు కృతజ్ఞతతో ఆయన పేరు పెట్టుకున్నారని చెబుతారు. 1770లో ఆయన అప్పులతోనే కన్ను మూశాడు. ఆ పేరును బోర్డు మీదికి ఎక్కించింది బిరుదు కాదు, ఇచ్చిన చెయ్యి.

అయితే గౌరవించడమే తప్పా? కాదు. తల్లిదండ్రులను, గురువును, పెద్దలను గౌరవించడం ధర్మం. ఒకరిని పైకెత్తడానికి మరొకరిని కింద నిలబెట్టినప్పుడే గౌరవం చెడుతుంది. ఈ ప్రమాదం శ్రీసభకు కూడా తెలుసు. మహా గ్రెగరి పోపుగారు తమను దేవుని సేవకులకు సేవకుడని చెప్పుకున్నారు. ఫ్రాన్సిస్ పోపుగారు 2014లో ‘మోన్సిన్యోర్’ బిరుదును 65 ఏళ్లు నిండిన మేత్రాసన గురువులకే పరిమితం చేశారు. మరి మన విచారణ పండుగల్లో ముందు వరుస కుర్చీల కోసం, కరపత్రంలో పేరు కోసం జరిగే అలకల మాటేమిటి?

రాజుగారి పేరున్న హోటల్లో కూర్చొని, తండ్రి వయసున్న సర్వరును మనం ‘ఒరేయ్’ అని పిలుస్తాం. తెల్లవారక ముందే మైపాడు దగ్గర సముద్రంలోకి పడవ తోసినవాడి చేప మన విస్తట్లో పులుసవుతుంది. అదే మనిషి ఆ హోటలు ముందు తడిబట్టలతో నిలబడితే లోపలికి రమ్మనే వారెందరు? ఒకనాడు టీ కొట్లలో కులాన్ని బట్టి వేరే గ్లాసు పెట్టిన చరిత్ర మనది. గ్లాసు ఒకటైనా, పిలుపులో ఆ తేడా ఇంకా పోలేదు.

ఈసారి హోటలుకు వెళ్లినప్పుడు బోర్డు మీది రాజును కాదు, బల్ల తుడిచే చేతులను చూడండి. ఆ మనిషిని ‘అయ్యా’ అనో, ‘అన్నా’ అనో పిలవండి. రాజ్యాంగం ఏ బిరుదూ ఇవ్వవద్దన్నది ప్రభుత్వానికే. మనం ఇవ్వగలిగిన ఈ చిన్న బిరుదుకు అడ్డు లేదు, ఖర్చూ లేదు.